మరిచినవాళ్ళు... మోసినవాళ్ళు

*చచ్చి మళ్ళీ పుట్టిన, మరిచి మళ్ళీ గుర్తుపట్టిన ప్రేమికుల కథలంటే మనకు ప్రాణం. శకుంతల ఉంగరం నుంచి ‘మగధీర’ చేతిస్పర్శ దాకా ఎన్ని తరాలుగా వింటున్నామో! ఆ కథల్లో జన్మ ఎత్తకుండా, మరిచిపోకుండా, అన్నీ తలచుకుంటూ మిగిలిపోయిన మనుషుల గురించి ఈ వారం ముఖచిత్ర కథనం.*

కొత్తగా పెళ్ళైన జంట గోదావరి మీద పడవలో విహారానికి బయల్దేరుతుంది. ఏటి మధ్యలో ఒకచోటికి వచ్చేసరికి పెళ్ళికొడుకు ఉలిక్కిపడతాడు. అతను అటువైపు ఎన్నడూ రాలేదు. అయినా ఆ నీళ్ళు తెలుసు, ఆ ఒడ్డు తెలుసు, సుడిగుండం ఎక్కడుందో తెలుసు. ఒడ్డుకు చేరాక వాళ్ళకు ఒక ముసలామె ఎదురవుతుంది. వాళ్ళిద్దరూ పోయిన జన్మలో ఎవరో, ఎలా ప్రేమించుకున్నారో, ఎలా పోయారో ఆమే చెబుతుంది. 1964 జనవరిలో విడుదలైన ‘మూగ మనసులు’ కథ అలా మొదలవుతుంది.

ఆదుర్తి సుబ్బారావు తీసిన ఆ సినిమాను మనం అక్కినేని నాగేశ్వరరావు, సావిత్రిల సినిమాగా తలుచుకుంటాం. పడవ నడిపే గోపి, జమీందారు బిడ్డ రాధ. రోజూ ఆమెను ఏరు దాటించే గోపికి ఆమె ‘అమ్మాయిగారు’. అతని మనసులో ఉన్నది ప్రేమ అని అతనికే తెలియదు. తెలిసినా దానికి ఆ పేరు పెట్టుకునే ధైర్యం ఆ కాలంలో పడవవాడికి ఉండదు. ఆత్రేయ, దాశరథి పాటలకు కె.వి. మహదేవన్ కట్టిన బాణీలు అరవయ్యేళ్ళు దాటినా పెళ్ళి పందిళ్ళలో వినిపిస్తూనే ఉన్నాయి.

ఆ సినిమాను ఎప్పుడు చూసినా నా కళ్ళు మాత్రం జమున మీదికే పోతాయి. గోపి అంటే ప్రాణం పెట్టిన పల్లెపిల్ల గౌరి ఆమె. గోపి మనసు మరోచోట ఉందని గోపి కంటే ముందు పసిగట్టింది ఆమే. గోదావరి ఆ ఇద్దరినీ కలిపి తీసుకుపోయింది. గౌరిని తీసుకుపోలేదు. వాళ్ళు హాయిగా మరిచిపోయి, కొత్త ఒళ్ళు తొడుక్కుని, ఒకే ఈడు, ఒకే హోదా ఉన్న భార్యాభర్తలై తిరిగి వచ్చేసరికి ఆమె ఒళ్ళు ముడతలు పడింది. వాళ్ళ కథ వాళ్ళకు చెప్పాల్సిన పని కూడా ఆమె మీదే పడింది. తనను కాదన్న మనిషి ప్రేమకథను, అతనికే, అతను కోరుకున్న మనిషి ఎదుటే, తన నోటితో చెప్పడం! పునర్జన్మ ప్రేమకథలన్నిటిలోనూ ఇంతకంటే బరువైన సన్నివేశం నాకు తెలియదు.

1967లో ఆదుర్తే ఈ కథను హిందీలో ‘మిలన్’గా తీశారు. నిర్మాత ఎల్.వి. ప్రసాద్. గోపి పాత్ర సునీల్ దత్‌కు, రాధ పాత్ర నూతన్‌కు వెళ్ళాయి. గౌరి పాత్ర మాత్రం జమున దగ్గరే ఉండిపోయింది. దానికి ఆమెకు ఉత్తమ సహాయ నటిగా ఫిల్మ్‌ఫేర్ అవార్డు కూడా వచ్చింది. నాయికా నాయకులకు మారుముఖాలు దొరికాయి కానీ గౌరికి మరొకరు దొరకలేదు. ఆదుర్తి ఏ లెక్కతో ఆమెను హిందీకి తీసుకెళ్ళారో గానీ, కథకు ఇరుసు ఎక్కడుందో ఆయనకు తెలుసునని మాత్రం నేను నమ్ముతాను.

అదే గట్టు మీద

రాధకు పెళ్ళవుతుంది, భర్త పోతాడు, ఆమె పుట్టింటికి తిరిగి వస్తుంది. అప్పటికీ గోపి అదే గోపి. ఊరు మాత్రం నోరు మూసుకోదు. అక్కడి నుంచి ఆ ఇద్దరికీ బతికి ఉండగా దారి లేకుండా పోతుంది.

ఇది ఏ ఒడ్డున జరుగుతున్న కథో ఒకసారి గుర్తు చేసుకోవాలి. వితంతువులు మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చని చట్టం వచ్చింది 1856లో. కందుకూరి వీరేశలింగం రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. వెలివేస్తామన్న బెదిరింపుల మధ్య, పోలీసుల కాపలాతో జరిగిన పెళ్ళి అది. ఆ పెళ్ళికి ఎనభై ఏళ్ళు దాటాక, అదే గోదావరి మీద తీసిన సినిమాలో, చదువుకున్న వితంతువు తాను కోరినవాడి చేయి పట్టుకోవాలంటే ముందు నీళ్ళలో మునిగి చావాల్సి వచ్చింది.

ఆదుర్తిని, రచయితలను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. అప్పటి ప్రేక్షకుడు ఎంతవరకు వస్తాడో వాళ్ళకు తెలుసు. విధవరాలు, అందులోనూ జమీందారు కూతురు, పడవవాడి చేత తాళి కట్టించుకుంటే హాలులో కుర్చీలు విరిగేవేమో. అదే జంట ఇంకో జన్మ ఎత్తి, దేవుడి సాక్షిగా భార్యాభర్తలై తిరిగొస్తే అందరూ కళ్ళు తుడుచుకుంటూ దీవించారు. కులం, ఆస్తి, వైధవ్యం అనే అడ్డుగోడలను ఎవరూ కూల్చనక్కర్లేదు. మనుషులే చచ్చిపోయి గోడకు అవతలి పక్కన పుడతారు. పాత జన్మ వాళ్ళకు గుర్తుండదు కనుక ఎవరి మీదా కోపం కూడా ఉండదు. ఈ కథల్లో మరుపు ప్రేమికులకు ఓదార్పు అనుకుంటాం. వాళ్ళను విడదీసినవాళ్ళకు అది అంతకంటే పెద్ద ఓదార్పు.

గౌరి లాంటి మనిషి లేకపోతే ఆ లెక్క అక్కడితో మాసిపోయేది. ఆమె ఉంది కనుకే ఎవరు ఎవరిని ఏం చేశారో ఆ ఒడ్డున ఇంకా ఒకరికి తెలుసు.

ఉంగరం ఎవరి కోసం?

మరుపును ఇలా వాడుకోవడం ‘మూగ మనసులు’తో మొదలు కాలేదు. దాని మూలం చూడాలంటే శకుంతల దగ్గరికి వెళ్ళాలి.

వ్యాసుడి భారతంలో దుష్యంతుడు దేన్నీ మరిచిపోడు. కణ్వాశ్రమంలో శకుంతలను గాంధర్వ విధిన పెళ్ళాడతాడు. ఆమె కొడుకును వెంటబెట్టుకుని సభకు వచ్చి నిలబడితే, అన్నీ గుర్తుండి కూడా నువ్వెవరో నాకు తెలియదంటాడు. అక్కడ శాపం లేదు, ఉంగరం లేదు. నిండు సభలో ఒక మగవాడు ఆడుతున్న అబద్ధం ఉంది. శకుంతల ఏడుస్తూ కూర్చోదు. సత్యం విలువెంతో, కన్న కొడుకు విలువెంతో రాజుకు ముఖం మీదే చెబుతుంది. చివరికి ఆకాశవాణి పలికితే తప్ప రాజు ఒప్పుకోడు. ఒప్పుకున్నాక కూడా, లోకం సందేహిస్తుందని అలా చేశానంటాడు. పదకొండో శతాబ్దంలో రాజరాజనరేంద్రుడి కొలువులో, అదే రాజమహేంద్రవరంలో కూర్చుని నన్నయ ఈ కథను తెనిగించాడు. శకుంతల సత్యం గురించి చెప్పే పద్యం తెలుగు బడిపిల్లలు తరతరాలుగా కంఠతా పట్టిన పద్యాల్లో ఒకటైంది.

కాళిదాసుకు ఈ దుష్యంతుడు పనికిరాలేదు. తన నాటకానికి ఉదాత్తుడైన నాయకుడు కావాలి. అందుకే దుర్వాసుడిని రప్పించాడు. పరధ్యానంలో ఉన్న శకుంతల తన రాకను గమనించలేదని, నువ్వు ఎవరిని తలుస్తున్నావో అతను నిన్ను మరిచిపోతాడని ముని శపిస్తాడు. చెలికత్తె ప్రియంవద వెళ్ళి బతిమాలితే, ఆనవాలుగా ఇచ్చిన ఆభరణం కంటబడితే శాపం తీరుతుందని సడలిస్తాడు. ఆ ఒక్క కల్పనతో రాజు నిర్దోషి అయిపోయాడు. అబద్ధం స్థానంలో మరుపు వచ్చి కూర్చుంది.

కవిగా కాళిదాసు ఎంత గొప్పవాడంటే, రాజును విడిపించిన ఆ మరుపును కూడా ఊరికే వదల్లేదు. అయిదో అంకంలో అంతఃపురం నుంచి రాణి హంసపదిక పాట వినిపిస్తుంది. వింటున్న దుష్యంతుడి మనసు ఎందుకో కలతపడుతుంది. దూరమైన ఆత్మీయులెవరూ లేరే, మరి ఈ దిగులెక్కడిదని తనను తానే ప్రశ్నించుకుంటాడు. అందమైనది చూసినా తియ్యనిది విన్నా సుఖంగా ఉన్న మనిషి కూడా బెంగపడ్డాడంటే, వెనకటి జన్మల్లోని చెలిమి ఏదో తెలియకుండానే మనసులో మెదిలి ఉంటుందనుకుంటాడు. అతను మరిచింది వెనకటి జన్మను కాదు, ఈ జన్మలో పెళ్ళాడిన మనిషినే! కాసేపట్లో ఆమె సభలో అడుగు పెట్టబోతోంది. మన పునర్జన్మ సినిమాలన్నిటికీ విత్తనం ఆ కొద్ది క్షణాల్లోనే ఉందని నాకు అనిపిస్తుంది. పాట వినగానే గుండె ఝల్లుమనే నాయకుడు అక్కడే పుట్టాడు.

ఇక మోసినవాళ్ళు ఎవరు? శకుంతల చెలులు అనసూయ, ప్రియంవద. శాపాన్ని విన్నది వాళ్ళిద్దరే. లేతమనసు పిల్ల తట్టుకోలేదని శకుంతలకు చెప్పకుండా కడుపులో దాచుకున్నారు. అత్తవారింటికి పంపేటప్పుడు, రాజు వెంటనే గుర్తుపట్టకపోతే ఈ ఉంగరం చూపించమని మాత్రం చెప్పగలిగారు. ఉంగరం శచీతీర్థంలో జారిపోయింది. సభలో శకుంతల వేలు చూసుకుంటే ఖాళీ. తన చేతి నీళ్ళు తాగిన లేడిపిల్ల సంగతి చెప్పి గుర్తు చేయబోతే, ఆడవాళ్ళకు పుట్టుకతో వచ్చిన నేర్పు ఇదేనంటూ రాజు ఎత్తిపొడిచాడు. చేప కడుపులో ఉంగరం దొరికి, రాజు కుమిలిపోయి, హేమకూటంలో ఆమెను కలుసుకునే వరకు శకుంతల దగ్గర ఉన్నది ఒక్కటే, తాను చేయని తప్పుకు తనను కాదన్న మనిషి తాలూకు జ్ఞాపకం. శాపం సంగతి కూడా చివరి అంకంలో మారీచ మహర్షి చెబితే గానీ ఆమెకు తెలియలేదు. అన్నేళ్ళూ కారణమైనా తెలియకుండా మోసింది.

కాళిదాసు నాటకాన్ని తెలుగులోకి తెచ్చినవారిలో వీరేశలింగం కూడా ఒకరు. సభలో నిలదీసిన శకుంతల, శాపం బారిన పడిన శకుంతల, ఇద్దరూ అలా గోదావరి గట్టునే తెలుగు నేర్చుకున్నారు. ఈ ఇద్దరిలో మన నాటకాలు, సినిమాలు రెండో ఆమెనే ఎక్కువగా ఎంచుకున్నాయి. మొదటి ఆమెను కొంచెం ఎక్కువగా తలుచుకుని ఉంటే మన ప్రేమకథలు వేరే దారిన నడిచేవేమో!

పసిపాప నోట పాత కథ

పదహారో శతాబ్దపు పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’ చదివినవాళ్ళకు ‘మగధీర’ కొత్తగా అనిపించదు. తెలుగులో జన్మాంతర ప్రేమకు అంత చిక్కని, అంత సొగసైన అల్లిక మరొకటి లేదు. సి.ఆర్. రెడ్డి 1914 నాటి ‘కవిత్వతత్త్వ విచారము’లో ఈ కావ్యాన్ని ఆధారం చేసుకునే తెలుగు విమర్శకు కొత్త బాట వేశారు. మన కాలంలో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ దీన్ని ఇంగ్లీషులోకి తీసుకెళ్ళారు.

కళాభాషిణి ద్వారకలోని వేశ్య. ఆమె మనసు పడింది రంభ ప్రియుడు నలకూబరుడి మీద. నారదుడి శిష్యుడైన గంధర్వుడు మణికంధరుడి మనసు రంభ మీద. మాయారంభ ఎవరో, అసలు రంభ ఎవరో, మాయానలకూబరుడు ఎవరో తేలేసరికి పాఠకుడికి తల తిరుగుతుంది. సూరన మన తల తిప్పాలనే రాశాడు. కోరుకున్న మనిషి రూపంలో వేరొకరు ఎదురైతే, నువ్వు ప్రేమించింది రూపాన్నా మనిషినా అన్న ప్రశ్న ఆ గజిబిజి అంతటా నలుగుతూనే ఉంటుంది. నాలుగు వందల ఏళ్ళ కిందట ఒక తెలుగు కవి ఈ ప్రశ్నను ఇంత ధైర్యంగా పట్టుకున్నాడంటే గర్వంగా ఉంటుంది.

కళాభాషిణి మళ్ళీ పుడుతుంది. ఈసారి ఒక రాజుగారి కూతురు మధురలాలస. మహారాజు కళాపూర్ణుడి కొలువుకు ఆ పసిబిడ్డను తీసుకొస్తారు. మహిమ గల మణిహారం మెడలో పడగానే మాటలు రాని పాప గడగడా మాట్లాడుతుంది. తన వెనకటి జన్మ కథంతా సభలో వినిపిస్తుంది. జ్ఞాపకం ఒంటికి తగిలే వస్తువులో ఉంటుందని, అది తాకితే చాలు జన్మల తలుపులు తెరుచుకుంటాయని సూరన అప్పుడే ఊహించాడు.

ఇక్కడ కూడా అదే లెక్క కనిపిస్తుంది, చూడండి. ద్వారక వేశ్య రాజుకు రాణి కావాలంటే రాజకుమారిగా పుట్టి రావాలి. పడవ గోపి కథే అది, నాలుగు శతాబ్దాల ముందు. కానీ సూరన ఆదుర్తి కంటే ఒక అడుగు ముందుకు వేశాడు. పాత జన్మను మాయం చేయనివ్వలేదు. రాజుగారి బిడ్డ నోటితోనే, నిండు సభలో, నేను ఫలానా వేశ్యను అని చెప్పించాడు. సభ అంతా విని తీరాల్సి వచ్చింది.

అందరూ తిరిగొస్తే

2009 జులైలో ఎస్.ఎస్. రాజమౌళి ‘మగధీర’ వచ్చింది. విజయేంద్రప్రసాద్ కథ. 1609లో ఉదయ్‌గఢ్ రాజ్యం, అంగరక్షకుడు కాలభైరవుడు, యువరాణి మిత్రవింద. నాలుగు వందల ఏళ్ళ తర్వాత హైదరాబాదులో బైకు పందేలు కాసే కుర్రాడు హర్ష. దారిన పోతున్న అమ్మాయి చేతివేళ్ళు తగలగానే అతని ఒళ్ళు జలదరిస్తుంది. వందమందిని ఒక్కడే ఎదిరించే వంతెన పోరాటాన్ని అప్పట్లో ఊరూరా హాళ్ళలో ఈలలేస్తూ చూశాం. స్పెషల్ ఎఫెక్ట్స్‌కు, నృత్య దర్శకత్వానికి జాతీయ అవార్డులు వచ్చాయి. ఆ కష్టానికి అవి తగినవే.

నా వరకు ఆ సినిమాలో ఒక లోటు ఉంది. అక్కడ అందరూ చచ్చిపోతారు, అందరూ తిరిగొస్తారు. నాయకుడు, నాయిక, విలన్, ఆఖరికి శత్రువుగా మొదలై ఆప్తుడైన షేర్ ఖాన్ కూడా. ఎవరూ వెనక మిగలలేదు. కనుక ఆ నాలుగు వందల ఏళ్ళూ ఎవరికీ బరువు కాలేదు. కళ్ళు మూసి తెరిచినంతలో గడిచిపోయాయి. శ్రీహరి లాంటి నటుడు షేర్ ఖాన్‌గా ఉన్నా, గౌరి దగ్గర గొంతు పట్టేసినట్టు ఇక్కడ పట్టేయదు.

2021 డిసెంబరులో వచ్చిన ‘శ్యామ్ సింగరాయ్’ ఆ తీగను మళ్ళీ అందుకుంది. రాహుల్ సాంకృత్యన్ దర్శకుడు. హైదరాబాదులో సినిమా తీసిన కుర్రాడు వాసు మీద, నీ కథ ఎప్పుడో పోయిన బెంగాలీ రచయిత శ్యామ్ సింగరాయ్‌ది అంటూ కేసు పడుతుంది. అతను దొంగిలించలేదు. తన పాత జన్మలో తానే రాసిన కథను తెలియకుండా మళ్ళీ రాశాడు. జన్మాంతర జ్ఞాపకాన్ని కాపీరైటు తగాదాగా కోర్టుకెక్కించడం మంచి ఊహ. ఆ శ్యామ్ దేవదాసి మైత్రేయిని గుడి గోడలు దాటించి పెళ్ళాడినవాడు. అతన్ని చంపేశారు. ఆమె బతికే ఉంది. సాయిపల్లవి ఆ ముసలి మైత్రేయిగా కనిపించే సన్నివేశంలో, ఆమె ఎదుట నిలబడ్డ కుర్రాడికి ఆమె మనవడి వయసు. అతనికి జ్ఞాపకం నిన్నగాక మొన్న తిరిగొచ్చింది. ఆమె దాన్ని ఒక్క పూట కూడా దించలేదు.

ఒక చిన్న మాట. దేవదాసీల కథ చెప్పడానికి బెంగాల్ దాకా వెళ్ళనక్కర్లేదు. ఆ ఆచారాన్ని నిషేధిస్తూ మద్రాసు ప్రభుత్వం 1947లో చట్టం చేసేనాటికి మన కోస్తా గుళ్ళలో ఆ కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. కథ అక్కడ పెడితే ఇంకా దగ్గరగా, ఇంకా నొప్పిగా ఉండేది.

తొంభై ఏళ్ళ కొడుకు

విక్రమ్ కుమార్ తీసిన ‘మనం’ 2014 మే 23న విడుదలైంది. అక్కినేని నాగేశ్వరరావు అదే ఏడాది జనవరి 22న కన్నుమూశారు. తనకు క్యాన్సర్ అని అంతకు కొన్ని నెలల ముందే ఆయన లోకానికి స్వయంగా చెప్పారు. ఆ స్థితిలోనే ఇంట్లో ఉండి తన పాత్రకు డబ్బింగ్ పూర్తి చేశారు.

ఆ సినిమాలో ఆయన చైతన్య అనే తొంభై ఏళ్ళ వృద్ధుడు. చిన్నప్పుడే అమ్మానాన్నలను ప్రమాదంలో పోగొట్టుకున్నాడు. ఎనభై ఏళ్ళ తర్వాత ఒక ఆసుపత్రిలో వాళ్ళ పోలికలే ఉన్న మగమనిషి, ఆడమనిషి కనిపిస్తారు. అతని జీవితానికి అప్పుడు ఒకే పని మిగులుతుంది, వాళ్ళిద్దరినీ కలపడం. ఆ మగమనిషికీ ఇలాంటిదే మరో కథ ఉంది. అతనూ చిన్నతనంలో తల్లిదండ్రులను పోగొట్టుకుని, వాళ్ళ రూపాలతో కనిపించిన కుర్ర జంటను కలపాలని తాపత్రయపడుతున్నాడు. తెర మీద కొడుకు వృద్ధుడు, తండ్రి నడివయసువాడు. తెర బయట ఆ ‘తండ్రి’ నాగార్జున, ఆ ‘కొడుకు’ అక్కినేని. కన్న కొడుకును నాన్నా అన్నట్టు చూసే ఆ ముసలి కళ్ళను చూసి ఏడవనివాళ్ళను నేను పెద్దగా చూడలేదు.

ప్రేయసీ ప్రియుల జన్మాంతర కథలను అన్నేళ్ళు చూశాక, విక్రమ్ కుమార్ ప్రశ్నను పక్కకు జరిపాడు. ఇద్దరు ప్రేమికులు చచ్చిపోతే వాళ్ళ పిల్లవాడి గతేమిటి? వాళ్ళు మళ్ళీ పుడతారు సరే, ఆ పిల్లవాడు ఎవరిని అమ్మా అని పిలవాలి? అప్పటిదాకా ఈ కథల్లో మోసేవాళ్ళు ఒడ్డున మిగిలిన ఆడవాళ్ళు. ‘మనం’లో ఆ బరువు ఒక పసివాడి మీద పడింది, తనకు తొంభై ఏళ్ళు వచ్చే వరకు అతను దాన్ని మోశాడు.

ఒకే జన్మలో

జన్మ మారకుండానే జరిగిన మరుపు కథ ఒకటి ఈ వరుసలో చెప్పి తీరాలి. బాలు మహేంద్ర తమిళంలో 1982లో తీసిన ‘మూన్రాం పిరై’ మనకు ‘వసంత కోకిల’గా వచ్చింది. ప్రమాదంలో జ్ఞాపకం పోయి చిన్నపిల్లలా మారిన అమ్మాయి శ్రీదేవి, ఆమెను నీలగిరుల్లో కంటికి రెప్పలా కాచిన పంతులు కమల్ హాసన్. వైద్యం ఫలించి ఆమెకు పాత జ్ఞాపకం తిరిగొస్తుంది. దాంతోపాటు మధ్యలోని అతను చెరిగిపోతాడు. స్టేషన్‌లో రైలు కిటికీ పక్కన అతను వానలో, బురదలో, కోతిలా గంతులేసి ఆమెకు గుర్తు చేయాలని చూస్తాడు. ఎవరో పిచ్చివాడనుకుని ఆమె తినడానికి పొట్లం విసురుతుంది. రైలు కదిలిపోతుంది. ఉంగరం లేదు, మణిహారం లేదు, వచ్చే జన్మ హామీ లేదు. మరుపును అంత నిజాయితీగా చూపిన సినిమా మరొకటి గుర్తు రాదు. ఆ పాత్రకు కమల్‌కు జాతీయ ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది.

మథుర నుంచి వచ్చిన ప్రశ్న

కథలు, సినిమాల బయట కూడా ఒక అమ్మాయి ఇలాంటి మాటే చెప్పింది. ఢిల్లీలో 1926లో పుట్టిన శాంతిదేవి. మాటలు వచ్చిన కొన్నాళ్ళకే, ఇది మా ఇల్లు కాదు, మాది మథుర, నాకు భర్త ఉన్నాడు, కొడుకు ఉన్నాడు అనడం మొదలుపెట్టింది. ఇంట్లోవాళ్ళు కొట్టిపారేశారు. బడిలో పెద్దలు ఆ వివరాలు పట్టుకుని మథురకు ఉత్తరం రాస్తే, కేదార్‌నాథ్ చౌబే అనే వ్యాపారి నిజంగానే ఉన్నాడని తేలింది. అతని భార్య లుగ్దీ 1925లో బిడ్డను కని కొద్దిరోజులకే చనిపోయింది.

ఈ వార్త దేశమంతా పాకింది. మహాత్మాగాంధీ చొరవతో పదిహేనుమంది ప్రముఖులతో ఒక సంఘం ఏర్పడింది. 1935 నవంబరులో వాళ్ళు శాంతిదేవిని మథుర తీసుకెళ్ళారు. వీధులు, ఇల్లు, మనుషులు ఆమె గుర్తుపట్టిన తీరును రాసుకుని, ఆమె మాటలను సమర్థిస్తూ నివేదిక ఇచ్చారు. పిల్ల ముందే విని ఉండవచ్చునని, పెద్దల ప్రశ్నల్లోనే జవాబులు దొర్లి ఉంటాయని ఆ రోజుల్లోనే విమర్శించినవారూ ఉన్నారు. తర్వాతి దశాబ్దాల్లో అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయానికి చెందిన ఇయాన్ స్టీవెన్సన్ ఇలాంటి పిల్లల మాటలను వేల సంఖ్యలో సేకరించారు. వాటిని నమ్మినవాళ్ళున్నారు, నమ్మనివాళ్ళున్నారు. విన్నది, చూసింది, కోరుకున్నది కలిపి మనసు కొత్తగా కట్టుకునేదే జ్ఞాపకమని మనస్తత్వశాస్త్రం చెబుతుంది. నేను ఆ శాస్త్రం పక్షాన ఉన్నాను.

అయినా శాంతిదేవి దగ్గర నా చూపు ఆగిపోతుంది. ఆమె చెప్పింది నిజమైనా కాకపోయినా, ఆ పిల్ల మోసిన బరువు నిజం. కేదార్‌నాథ్ ఆమెను చూడటానికి ఢిల్లీ వచ్చేనాటికి మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. అప్పటి భార్యను, లుగ్దీ కన్న కొడుకును వెంటబెట్టుకునే వచ్చాడు. ఆ కుర్రాడు వయసులో శాంతిదేవి కంటే పెద్ద. తొమ్మిదేళ్ళు కూడా నిండని ఆ పిల్ల అతన్ని చూసి తల్లిలా ఏడ్చిందట. మళ్ళీ పెళ్ళి చేసుకోనని నాకు మాట ఇచ్చావు కదా, ఎందుకు చేసుకున్నావని కేదార్‌నాథ్‌ను నిలదీసిందని ఆ కలయిక గురించి రాసినవారు చెబుతారు. అతను ఏమీ అనలేకపోయాడు.

సంఘం సభ్యులు తమ ప్రశ్నలు ముగించుకుని శాంతిదేవిని మథుర నుంచి ఢిల్లీకి, కన్నవాళ్ళ దగ్గరికి తీసుకొచ్చారు. ఆమె చదువుకుంది, పెద్దదైంది. అడిగినవాళ్ళందరికీ ఏళ్ళ తరబడి అదే కథ చెబుతూ వచ్చింది. పెళ్ళి చేసుకోలేదు. 1987లో కన్నుమూసింది.